తోతాపురి రంగును నిలకడగా చూపే నెట్‌వర్క్ కెమెరా: చిత్తూరు గుజ్జు పరిశ్రమలో వాడి చూశాక

వీక్షకులందరికీ నమస్కారం. ఈ గిగాబిట్ ఈథర్‌నెట్ కలర్ కెమెరాను మామిడి సీజన్ ముగిసే వరకు వాడి చూడమని విక్రేతలు నాకు ఉచితంగా ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు, వీడియోను ముందుగా వారికి చూపించలేదు. సెన్సార్ వివరాలు, కొలతలు మీరు ఇప్పటికే చూసి ఉంటారు కనుక వాటిని మళ్ళీ చదవను. చిత్తూరు దగ్గరి ఒక మామిడి గుజ్జు పరిశ్రమలో, కడిగిన కాయలు బెల్టు మీదికి ఎక్కే చోట, మాగిన తోతాపురి నుంచి దోరకాయను వేరు చేసే పనికి దీన్ని బిగించాను.

మునుపు అక్కడ యూఎస్‌బీ కెమెరా ఉండేది. దాని కేబుల్ కొద్ది మీటర్లకు మించి సాగదు కాబట్టి, కంప్యూటర్‌ను తడి, తీపి రసం చిందే బెల్టు పక్కనే పెట్టాల్సి వచ్చేది. ఈథర్‌నెట్ తీగ 100 మీటర్ల వరకు వెళుతుంది, పీఓఈ స్విచ్ (డేటాతో పాటు కరెంటునూ పంపగల నెట్‌వర్క్ పెట్టె) ఉంటే అదే తీగలో కరెంటు కూడా అందుతుంది. అందువల్ల ఇప్పుడు కంప్యూటర్ ఆఫీసు గదిలో ఉంది.

తొలిసారి కలిపినప్పుడు కెమెరా జాబితాలో కనిపిస్తుంది కానీ తెరుచుకోదు. డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్‌లో చిరునామాలను తానే పంచే సేవ) లేని చోట కెమెరా 169.254తో మొదలయ్యే చిరునామా తనకు తానే పెట్టుకుంటుంది, కంప్యూటర్ వేరే సబ్‌నెట్‌లో, అంటే వేరే చిరునామాల గుంపులో ఉంటుంది. ఫోర్స్ ఐపీతో (తాత్కాలికంగా) ఇచ్చిన చిరునామా కరెంటు పోగానే పోతుంది కాబట్టి, పర్సిస్టెంట్ ఐపీగానే, అంటే కెమెరాలో శాశ్వతంగా నిలిచేలా రాయించండి. జంబో ఫ్రేములకు (డేటాను పెద్ద పెద్ద ముక్కలుగా పంపే పద్ధతి) నెట్‌వర్క్ కార్డులో ముక్క పరిమాణం 9000 బైట్లుగా పెడితే సరిపోదు, మధ్యలోని స్విచ్ కూడా వాటిని అనుమతించాలి.

నేను ఎక్కువసేపు చెప్పదలచింది వైట్ బ్యాలెన్స్ గురించి, అంటే దీపాల వెలుగుకు తగ్గట్టు రంగులను సరిదిద్దే అమరిక గురించి. ఈ కెమెరా పెట్టెలోంచి వచ్చేటప్పుడే నిరంతర ఆటో వైట్ బ్యాలెన్స్‌తో వస్తుంది, అది నాకు తీవ్రమైన అసహనం కలిగించింది. దృశ్యం మొత్తం సగటున బూడిద రంగులో ఉండాలన్న ఊహ మీద ఆటో పద్ధతి సాధారణంగా పనిచేస్తుంది. తెరంతా మాగిన తోతాపురి పసుపుతో నిండినప్పుడు, అది ఆ పసుపునే లోపంగా భావించి నీలాన్ని పెంచుతుంది, కాయ పాలిపోయి కనిపిస్తుంది. అదే కాయ దోరకాయల మధ్య వచ్చినప్పుడు మరో రంగులో నమోదవుతుంది. పక్కనున్న కాయలను బట్టి ఒక కాయ రంగు మారుతుంటే, కంప్యూటర్‌లో ఎంత మంచి ప్రోగ్రాం రాసినా వేరుచేత నిలబడదు.

పరిష్కారం కెమెరాలోనే ఉంది. చివరిగా వాడబోయే దీపాల కింద బూడిద రంగు కార్డు పెట్టి, ఆటోను 'వన్స్'లో ఒక్కసారి నడిపి, 'ఆఫ్' చేయాలి. తెల్ల కాగితం వద్దు: దానిలోని మెరుపు రసాయనాలు నీలపు ఛాయను కలిపే అవకాశం ఉంది, పైగా వెలుగు ఎక్కువైతే రంగుల విలువలు పైఅంచును తాకి లెక్క తప్పుతుంది. తరువాత ఎక్స్‌పోజర్ (సెన్సార్ వెలుగు తీసుకునే సమయం), గెయిన్‌లను (సంకేతాన్ని పెంచే మోతాదు) కూడా ఆటో నుంచి తప్పించి, మొత్తాన్ని యూజర్ సెట్‌లో (కెమెరాలోనే సెట్టింగులు దాచే చోట) భద్రపరచి, కెమెరా మేల్కొనగానే అదే తెరుచుకునేలా డిఫాల్ట్‌గా నిర్ణయించాలి. సీజన్‌లో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ, ఎవరూ కంప్యూటర్‌ను ముట్టుకోకుండానే ఇది పాత రంగుతోనే లేచింది. నాకు ఈ కెమెరా మీద ప్రేమ పుట్టింది ఇక్కడే.

దీపాల విషయంలోనూ రాజీ పడకండి. మన 50 హెర్ట్‌జ్ కరెంటుతో నేరుగా నడిచే దీపాల వెలుగు సెకనుకు 100 సార్లు ఎగుడుదిగుడవుతుంది. కదిలే కాయ కోసం ఎక్స్‌పోజర్‌ను ఒక మిల్లీసెకనుకు తగ్గించినప్పుడు ఒక ఫ్రేము వెలుగుగా, మరొకటి మసకగా వస్తాయి. డీసీ సరఫరాతో నడిచే ఎల్‌ఈడీలు పెట్టాకే కార్డుతో కొలవండి.

చిత్రాన్ని ఆర్‌జీబీలో (ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ కలిపి) పంపమని అడగకండి. సెన్సార్‌లో ప్రతి పిక్సెల్ ఒక్క రంగునే చూస్తుంది, సగం ఆకుపచ్చకు, పావు చొప్పున ఎరుపు, నీలాలకు. ఆ ఒక్క రంగునే ఉన్నదున్నట్టు పంపే బేయర్ 8లో పిక్సెల్‌కు ఒక బైటు, ఆర్‌జీబీలో మూడు. 1440×1080 చిత్రంతో గిగాబిట్ తీగ మీద ఆర్‌జీబీ సెకనుకు దాదాపు 25 ఫ్రేముల దగ్గర ఆగిపోతే, బేయర్ సుమారు 75 దాకా వెళుతుంది. రంగులు కలిపే పని కంప్యూటర్ చేసుకుంటుంది.

లెన్స్ విడిగా కొనాలి, సీ-మౌంట్‌ది (పరిశ్రమ కెమెరాలకు మరతో బిగించే రకం). పెట్టెలోంచి వచ్చే ఆటో సెట్టింగులను తయారీదారులు మార్చాలని గట్టిగా కోరుతున్నాను. అయినా ఈ నమూనాను తిరిగి ఇచ్చేటప్పుడు, రెండో బెల్టుకు ఇదే మోడల్‌ను కొనమని పరిశ్రమ యజమానికి నిస్సంకోచంగా చెప్పాను.