కొయ్యకాళ్లు కట్టే ముందు

శ్రోతలకు నమస్కారం. ఈ రోజు కొయ్యకాళ్ల గురించి మాట్లాడతాను. ఎత్తుగా నడవడానికి కాళ్లకు కట్టుకునే పొడుగు కర్రలివి. కర్రకాళ్లన్నా అవే.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసినవారికి అక్కడి జనం సంగతి చెప్పనక్కరలేదు. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు వెదురుతో కట్టిన ఎత్తైన ప్రభలెక్కి, మనుషుల భుజాల మీద చేరే చోటు అది. అలాంటి తీర్థంలో తల్లి చెయ్యి పట్టుకుని నిలబడ్డ చిన్నపిల్లకు పెద్దల వీపులు తప్ప ఏమీ కనిపించవు. ఆ తలలన్నిటికీ పైన, రంగు పంచె కట్టిన పొడుగాటి మనిషి నవ్వుతూ నడిచి వస్తే ఆ పిల్ల కళ్లు చూడాలి! మన కోనసీమ ఊరేగింపుల్లో ఈ వేషం పెరగాలని నా కోరిక. అయితే ఎరువు తెచ్చుకున్న జతతో కాదు. ఎవరి కాలి కొలతకు వారు చేసుకున్నవే కట్టాలి.

బురద నేలకూ కొయ్యకాళ్లకూ పాత చుట్టరికం ఉంది. ఫ్రాన్సు నైరుతి మూలన లాండ్ అనే చిత్తడి ప్రాంతంలో గొర్రెల కాపరులు వీటి మీద నడుస్తూనే మందలు కాసేవారు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో వానాకాలం హరేలీ పండుగకు పిల్లలు వెదురు గేడీలు ఎక్కి తిరుగుతారు. పిక్కల్లోతు ఒండ్రులో నాట్లు వేసే మనకు ఇది పరాయి విద్య ఎలా అవుతుంది?

ఇక కర్ర. మన తీరంలో సరుగుడుకు కరువు లేదు. గట్టిదే గాని బరువు, పైగా ఆరేటప్పుడు చీలుతుంది. గంటసేపు మేళంతో నడిచేవాడికి ఆ బరువు తొడల్లో తెలుస్తుంది. అందుకే నేను చేవ ఉన్న టేకు ఎంచుకుంటాను. రెండంగుళాల మందం చాలు. ముడులు ఉండకూడదు, చారలు పైనుంచి కిందికి తిన్నగా సాగాలి. వెదురు వాడేవారు మూడేళ్లు దాటిన ముదురు బొంగు చూసుకోండి. పచ్చిది తెచ్చి అలాగే వాడితే పురుగు పట్టి పిండి రాలుతుంది. కొన్ని వారాలు చెరువులో నానవేస్తే పురుగుకు తిండి అయ్యే పదార్థం నీటిలో కరిగిపోతుంది. దసరాకు ముందే ఈ పని పెట్టుకుంటే సంక్రాంతికి కర్ర నీడన ఆరి సిద్ధంగా ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం పాదం మోపే చెక్క. ఇరవై ఏళ్ల వయసులో నేను చేసుకున్న మొదటి జతకు ఆ చెక్కలు మేకులతో బిగించాను. తీర్థంలో రెండు వీధులు బాగానే నడిచాను. మూడో వీధి మలుపులో కుడి చెక్క కిర్రుమంది. డప్పుల హోరులో నాకది వినపడలేదు. చెక్క వాలింది, నేను అరచేతుల మీద పడ్డాను. ఆ నెలంతా అమ్మే అన్నం కలిపి పెట్టింది. వేసే ప్రతి అడుగూ మేకును వెంట్రుకవాసి బయటికి లాగుతుందని అప్పుడు తెలిసింది. మేకు వద్దు. కర్రకు ఈ పక్క నుంచి ఆ పక్కకు అడ్డంగా రంధ్రం వేసి, రెండు బోల్టులు దూర్చి, వాషర్లు పెట్టి నట్టు బిగించండి. ఒక్క బోల్టయితే చెక్క తిరిగిపోతుంది. దాని కింద త్రికోణపు దిమ్మె ఆనించండి. అప్పుడు ఒంటి బరువు బోల్టు మీద కాక కొయ్య మీద పడుతుంది.

కర్ర పై కొస మోకాలికి నాలుగు వేళ్లు కిందికి రావాలి. మోకాలు మడవగలగాలి కదా! కట్టడానికి సైకిలు ట్యూబు పనికిరాదు, సాగుతుంది. మంచాలకు అల్లే నూలు నవారు మంచిది. చీలమండ దగ్గర ఒక కట్టు, పిక్క మీద ఒక కట్టు, లోపల పాత చీర మడత. అడుగున లారీ టైరు ముక్క బిగించండి, సిమెంటు రోడ్డు మీద జారదు.

మొదటి జతలో పాదం చెక్క నేలకు ఒక్క అడుగు ఎత్తులోనే ఉండాలి. కదలకుండా నిలబడటమే ఇందులో కష్టం. ఆగిన సైకిలు పడిపోయినట్టే, ఆగితే మనిషి ఒరిగిపోతాడు. ఉన్నచోటే అయినా అడుగులు వేస్తూ ఉండాలి. ఇసుకలో పడటం కూడా నేర్చుకోండి. మోకాళ్లకు మెత్తలు కట్టుకుని ముందుకు పడాలి, వెనక్కి ఎన్నడూ కాదు. మూడడుగుల కర్రలు కట్టి, కిరీటం పెట్టి, చెయ్యెత్తితే పది అడుగులు దాటుతుంది. కనుక ముందు రోజే దారంతా నడిచి, కరెంటు తీగలు ఎక్కడ వేలాడుతున్నాయో చూసుకోవాలి. తీగ కిందుగా ఉంటే ఆ వీధి మానుకోండి.

పండుగ రోజు ఎత్తైన అరుగు మీద కూర్చుని కట్టించుకోండి. పక్కనే ఇద్దరు మనుషులు ఉండాలి. లేచే ముందు వారిలో ఒకరు ఒక్కో కర్రనూ రెండు చేతులా పట్టి ఊపి చూడాలి. ఎక్కడైనా కిర్రుమంటే, బయట మేళం ఎంత తొందరపెట్టినా, కట్టు విప్పి మళ్లీ బిగించుకోండి.

నమస్కారం.