పదేళ్ల శిక్ష, రెండేళ్ల జైలు

అందరికీ నమస్కారం. ఇక్కడ అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో కోర్టు వరండాల్లో లాయర్లు ‘టెన్, డూ టూ’ అనుకోవడం వినే ఉంటారు. పదేళ్ల శిక్ష, అందులో రెండేళ్లు జైలు, మిగతా ఎనిమిదేళ్లు ప్రొబేషన్, అంటే బయటే ఉంటూ కోర్టు షరతులు పాటించడం. మనవాళ్లకి రెండేళ్లన్న మాటే చెవినపడుతుంది, హమ్మయ్య అనుకుంటారు. మన దేశంలో 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద జైలుకి బదులుగా ప్రొబేషన్ ఇస్తారు కాబట్టి, ప్రొబేషన్ అంటే వదిలేసినట్టేనని మనకో అలవాటు. ఇక్కడ శిక్ష పదేళ్లే!

జైలు నుంచి వచ్చాక ప్రొబేషన్ ఆఫీసర్ పిలిచినప్పుడల్లా వెళ్లాలి. ఫీజు కట్టాలి, అడిగితే మూత్ర పరీక్ష ఇవ్వాలి. అమ్మకి బాగాలేదని హైదరాబాద్ టికెట్ కొనాలన్నా ముందు అనుమతి కావాలి.

షరతు తప్పితే మళ్లీ విచారణ. ఈసారి జ్యూరీ ఉండదు. సందేహానికి తావులేకుండా రుజువు చేయక్కర్లేదు, సాక్ష్యం కాస్త అటు మొగ్గితే చాలు. మామూలు షరతైతే మహా అయితే రెండేళ్లు లోపలికి. బాధితురాలి జోలికి వెళ్లొద్దని ప్రత్యేక షరతుగా తీర్పులో రాసి ఉండగా వెళ్తే మాత్రం, మిగిలిన కాలమంతా జైల్లోనే గడపాల్సి రావచ్చు.

డబ్బు లేక ఫీజో జరిమానానో కట్టలేకపోతే? దానికి ఈ రాష్ట్రం నుంచే అమెరికా సుప్రీంకోర్టుకి వెళ్లిన కేసు ఉంది, బియర్డెన్ అనే ఆయన కేసు. ఆయన అమ్మానాన్నల దగ్గర అప్పు తెచ్చి 200 డాలర్లు కట్టాడు. తర్వాత ఉద్యోగం పోయింది, మిగతా 550 కట్టలేకపోయాడు. ప్రొబేషన్ రద్దు చేసి జైలుకి పంపారు. నిజంగా ప్రయత్నించాడో లేదో చూడకుండా అలా పంపకూడదని 1983లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి జీతం ఆగితే దాక్కోకండి, కాగితాలతో వెళ్లి చెప్పండి.

ఇక గ్రీన్‌కార్డు వాళ్లు చెవులు రిక్కించండి. సస్పెండ్ చేసిన భాగాన్ని, అంటే జైల్లో గడపక్కర్లేదని కోర్టు ఆపిన శిక్షని కూడా ఇమిగ్రేషన్ చట్టం జైలు కిందే లెక్కేస్తుంది. షాపులో చిన్న దొంగతనానికి 12 నెలలు వేసి, పది రోజులే లోపల ఉంచినా, వాళ్ల లెక్కలో అది ఏడాది. దొంగతనానికి ఏడాది పడిందంటే దేశం నుంచి పంపించేయవచ్చు. అందుకే లాయర్లు 11 నెలల 29 రోజులకి బేరమాడతారు. నవ్వకండి, ఆ ఒక్క రోజుకి అంత విలువ. ఇలాంటి పర్యవసానాలు క్లయింటుకి చెప్పడం లాయర్ బాధ్యతని 2010లో పడియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నేరం ఒప్పుకునే ముందే అడగండి. సంతకం పెట్టాక దాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.