రిపోర్టులన్నీ నార్మల్, మనిషికి మాత్రం బాగాలేదు

శ్రోతలకు నమస్కారం.

మన తిరుపతిలో ఏ పెద్దాసుపత్రి ఓపీ దగ్గర కాసేపు కూర్చున్నా, లావుపాటి ఫైలు చంకన పెట్టుకుని తిరిగేవారు కొందరు కనిపిస్తారు. ఇసిజి, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష, కడుపు స్కానింగు, రక్తపరీక్షలు అన్నీ అయ్యాయి. అన్నిటిలోనూ నార్మల్ అనే వచ్చింది. అయినా గుండెదడ తగ్గదు, నిద్ర పట్టదు, ఒంట్లో సత్తువ ఉండదు. వారిలో పీలేరు వైపు నుంచి వచ్చిన రైతు ఉంటాడు, శ్రీకాళహస్తి టీచరమ్మ ఉంటుంది, హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుకుంటున్న కుర్రవాడు ఉంటాడు. "రిపోర్టులు బాగున్నాయిగా, నీకేం కాలేదు" అని ఇంట్లోవాళ్ళు ధైర్యం చెప్పబోతే, ఆ మాట ఊరటనివ్వకపోగా అవమానంగా తోస్తుంది; జబ్బేమీ లేదంటే తాను నటిస్తున్నట్టే కదా అని రోగి మనసు చివుక్కుమంటుంది. మానసిక ఒత్తిడికి, డిప్రెషన్ అని మనం పిలుస్తున్న కుంగుబాటుకు, ఉన్నట్టుండి ప్రాణభయం ముంచుకొచ్చే పానిక్ డిజార్డర్‌కు శరీరంలో ఆనవాళ్ళు ఉన్నాయా, ఉంటే అవి ల్యాబు కాగితం మీదికి ఎందుకు రావు అన్నదే ఈనాటి విషయం. నా సమాధానం ముందే చెబుతాను. ఆనవాళ్ళు ఉన్నాయి, వాటిని కొలవడమూ సాధ్యమే; అయితే ఎదురుగా కూర్చున్న ఒక మనిషికి ఈ జబ్బు ఉందో లేదో తేల్చి చెప్పగలిగే స్థాయికి వాటిలో ఏదీ ఇంతవరకు చేరలేదు.

ఒత్తిడి గురించి మనకు తెలిసినది ఎక్కువ కాబట్టి అక్కడే మొదలుపెడదాం. 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త, చలి గానీ, గాయం గానీ, అతిశ్రమ గానీ, ఏది ఎదురైనా ఎలుకల శరీరంలో దాదాపు ఒకే రకమైన మార్పులు వస్తున్నాయని, అడ్రినల్ గ్రంథులు ఉబ్బుతున్నాయని, జీర్ణాశయంలో పుళ్ళు పడుతున్నాయని 'నేచర్' పత్రికలో ఒక చిన్న లేఖగా ప్రకటించారు. ఆ మార్పుల వెనుక ఉన్న దారి తరువాతి దశాబ్దాలలో తేటపడింది. మెదడు అడుగుభాగాన ఉండే హైపోథాలమస్ నుంచి ఒక హార్మోను పిట్యూటరీ గ్రంథికి చేరుతుంది. పిట్యూటరీ విడుదల చేసిన మరో హార్మోను రక్తంలో ప్రయాణించి, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులను కదిలిస్తుంది. అక్కడినుంచి కార్టిసాల్ అనే హార్మోను బయలుదేరి, రక్తంలో చక్కెరను పెంచి, ఆపదను ఎదుర్కోవడానికి ఒంటిని సిద్ధం చేస్తుంది. పని కాగానే అదే కార్టిసాల్ మెదడుకు చేరి ఇక చాలని చెబుతుంది. అప్పుల బాధ, ఇంట్లో దీర్ఘరోగం, తెగని ఆస్తి తగాదా వంటివి నెలల తరబడి సాగితే, కొందరిలో ఆ 'ఇక చాలు' అన్న కబురు మెదడు మీద సరిగా పనిచేయడం మానేస్తుంది.

మరి కార్టిసాల్‌ను ఒక్కసారి పరీక్షిస్తే సరిపోతుంది కదా అని అడగవచ్చు. సరిపోదు. కార్టిసాల్ అర్ధరాత్రి వేళకు అట్టడుగుకు దిగి, తెల్లవారుజామున పెరగడం మొదలై, నిద్రలేచిన అరగంట, ముప్పావుగంట లోపల శిఖరానికి చేరి, పగలంతా క్రమంగా తగ్గుతుంది. కొండమీద సుప్రభాత సేవ నాటికే విధుల్లో ఉండేవారు, రాత్రంతా ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపేవారు, లాడ్జీలలో రాత్రి షిఫ్టు చేసేవారు మన ఊళ్ళో తక్కువేమీ కాదు. వారి నిద్రవేళలు తారుమారైనప్పుడు ఈ లయ కూడా చెదురుతుంది. అందుకే పరిశోధకులు రక్తానికి బదులు లాలాజలాన్ని రోజులో పలుమార్లు సేకరిస్తారు. అంతకన్నా విచిత్రమైన పద్ధతి వెంట్రుకలది. తలవెంట్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది గనుక, మాడుకు దగ్గరగా ఉన్న 3 సెంటీమీటర్ల ముక్కలో గడిచిన మూడు నెలల కార్టిసాల్ లెక్క దొరుకుతుంది. ఆ లెక్కన మన కల్యాణకట్టలో రోజూ చేరే తలనీలాలలో ఎన్ని కుటుంబాల కష్టకాలం నమోదై ఉంటుందో ఊహించుకోండి. ఇది పరిశోధనకు పనికివచ్చే కొలతే తప్ప, డాక్టరు చీటీ మీద రాసే పరీక్ష కాదు.

కుంగుబాటు విషయంలో వైద్యులు ఒకప్పుడు గట్టిగా ఆశపడ్డారు. 1981లో అమెరికాలో బెర్నార్డ్ కరోల్, ఆయన సహచరులు డెక్సామెథాసోన్ పరీక్షను ప్రామాణికంగా వాడదగినదిగా ప్రకటించారు. రాత్రి 11 గంటలకు 1 మిల్లీగ్రాము డెక్సామెథాసోన్ మాత్ర ఇస్తే, ఆరోగ్యవంతుల మెదడు దానిని కార్టిసాల్‌గా భావించి, మరునాడంతా కార్టిసాల్ ఉత్పత్తిని తగ్గించివేస్తుంది. తీవ్రమైన కుంగుబాటు ఉన్న చాలామందిలో అలా జరగలేదు. మరునాటి కార్టిసాల్ డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములను దాటింది. మధుమేహానికి చక్కెర పరీక్ష ఉన్నట్టే మనోవైద్యానికీ ఒక పరీక్ష దొరికిందని ఎందరో సంబరపడ్డారు. ఆ సంబరం ఎక్కువకాలం నిలవలేదు. కుంగుబాటు స్పష్టంగా ఉన్నవారిలో కూడా సగం మందికి పైగా ఈ పరీక్షలో మామూలుగానే తేలారు. మరోవైపు మతిమరుపు జబ్బు ఉన్నవారిలో, మద్యం మానే దశలో ఉన్నవారిలో, బాగా బరువు తగ్గినవారిలో కుంగుబాటు లేకపోయినా ఫలితం తేడాగా వచ్చింది. ఈనాడు ఆ పరీక్షను కుషింగ్ సిండ్రోమ్ అనే హార్మోను వ్యాధిని గుర్తించడానికి వాడుతున్నారు. అది విఫలమైందని చాలామంది అంటారు గానీ, నా దృష్టిలో ఆ వైఫల్యమే మనకు ఎక్కువ నేర్పింది. కుంగుబాటు అనే ఒకే పేరు కింద శరీరంలో వేరువేరు దారుల్లో నడిచే పలు జబ్బులు ఉన్నాయని అది సూచించింది.

ఆ అనుమానానికి బలం రోగనిరోధక వ్యవస్థ వైపు నుంచి వచ్చింది. హెపటైటిస్ సి వ్యాధికి ఒకప్పుడు, రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టే ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవారు. అంతకుముందు మనసు నిబ్బరంగా ఉన్నవారిలో సైతం చాలామందికి ఆ చికిత్స మధ్యలో కుంగుబాటు వచ్చింది. అంటే శరీరంలో పుట్టిన వాపు (ఇన్‌ఫ్లమేషన్) రసాయనాలు మనసును కుంగదీయగలవన్నమాట. ఆ వాపును చూపే కొలత, సి-రియాక్టివ్ ప్రోటీన్, మన ల్యాబుల్లో రోజూ చేసేదే. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, మామూలు మందులకు లొంగని కుంగుబాటు ఉన్న 60 మందిలో కొందరికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే వాపు తగ్గించే మందు, మిగిలినవారికి ఉత్త ద్రవం ఎక్కించి చూశారు. మొత్తం మీద తేడా కనిపించలేదు. కానీ ఆ ప్రోటీన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు మించి ఉన్నవారిలో మందు వల్ల మేలు జరిగే సూచనలు కనిపించాయి. ఆసక్తికరమైన సంగతే గానీ, పిప్పిపన్ను ఉన్నా, జలుబు చేసినా, ఊబకాయం ఉన్నా పెరిగే ప్రోటీన్‌ను పట్టుకుని ఎవరికైనా కుంగుబాటు ఉందని చెప్పగలమా? ఇక రక్తంలో సెరటోనిన్ కొలిచి మనసు సంగతి చెబుతామని ఎవరైనా అంటే ఆ డబ్బు దాచుకోండి. ఒంట్లోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే తయారవుతుంది, రక్తంలోనిది మెదడులోకి వెళ్ళలేదు.

పానిక్ డిజార్డర్ కథ వేరు. అలిపిరి మెట్లదారిలో మోకాళ్ళ పర్వతం దగ్గరికి వచ్చేసరికి మనందరికీ గుండె దడదడలాడుతుంది, కండరాల్లో లాక్టేట్ అనే రసాయనం చేరుతుంది. కారణం తెలుసు గనుక భయపడం, కాసేపు కూర్చుని గోవింద నామం చెప్పుకుని మళ్ళీ లేస్తాం. ఆందోళన జబ్బు ఉన్నవారిలో శ్రమ తరువాత లాక్టేట్ మరీ ఎక్కువగా పెరుగుతోందన్న పరిశీలన ఆధారంగా, 1967లో పిట్స్, మెక్‌క్లూర్ అనే ఇద్దరు వైద్యులు సోడియం లాక్టేట్‌ను నరంలోకి ఎక్కించి చూశారు. ఆందోళన రోగుల్లో దాదాపు అందరికీ అచ్చంగా జబ్బులో వచ్చేలాంటి భయమే వచ్చింది. ఆరోగ్యవంతుల్లో కొద్దిమందికే వచ్చింది. కార్బన్ డయాక్సైడ్ కలిసిన గాలిని పీల్పించినా ఇదే తేడా కనిపించింది. ఊపిరాడకపోవడాన్ని పసిగట్టే మెదడు యంత్రాంగం వీరిలో అతి సున్నితంగా ఉండి, ఆపద లేకుండానే హెచ్చరిక మోగిస్తుందని 1993లో డొనాల్డ్ క్లైన్ అనే మనోవైద్యుడు ప్రతిపాదించారు. మెదడులో భయానికి కేంద్రమని చెప్పే అమిగ్డలా రెండు వైపులా దెబ్బతిని, పాములకు సైతం జంకని ఒక మహిళ, అదే లోపం ఉన్న మరో ఇద్దరు, ఆ గాలి పీల్చగానే ప్రాణభయంతో విలవిలలాడారని 2013లో ప్రచురితమైన పరిశోధన చెబుతోంది. బయటి ఆపదను చూసి పుట్టే భయం, లోపలి ఊపిరి నుంచి పుట్టే భయం ఒకే దారిలో నడవవన్నమాట. మరొక వింత ఏమిటంటే, లాక్టేట్ వల్ల వచ్చే ఈ పానిక్ దాడిలో కార్టిసాల్ చెప్పుకోదగినంత పెరగదు. కాబట్టి ఒత్తిడికి కొలతగా పనికివచ్చేది పానిక్‌కు కొలత కాలేదు.

దాడి సమయంలో చేతివేళ్ళు తిమ్మిరెక్కి కొంకర్లు పోవడాన్ని చూసి పక్షవాతమని హడలిపోతారు. నిజానికి వేగంగా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, రక్తం క్షారగుణం వైపు జరుగుతుంది, పనికివచ్చే రూపంలోని కాల్షియం తగ్గి నరాలు చిర్రెత్తుతాయి. మెదడు రక్తనాళాలు సన్నబడి కళ్ళు తిరుగుతాయి. గాలి సోకిందని, నరాల బలహీనత అని మన వైపు చెప్పుకునే ఎన్నో అనుభవాల వెనుక ఉన్నది ఈ రసాయన లెక్కే. ఊపిరి నిదానించిన కొద్ది నిమిషాలకు అదే సర్దుకుంటుంది.

ఇంతకీ డాక్టర్లు రక్తపరీక్షలు ఎందుకు రాస్తారు? మనోవ్యాధిని నిరూపించడానికి కాదు, దానిలా కనిపించే ఇతర జబ్బులను తప్పించడానికి. థైరాయిడ్ తగ్గితే కుంగుబాటులా, పెరిగితే పానిక్‌లా కనిపిస్తుంది. రక్తహీనత, బి12 లోపం, చక్కెర పడిపోవడం కూడా మోసం చేస్తాయి. మొదటిసారి ఛాతీనొప్పి వచ్చినవారు, శ్రమతో నొప్పి పెరిగేవారు ఇది మనసు సంగతేనని ఇంట్లో కూర్చోకుండా ముందు ఇసిజి తీయించుకోవలసిందే. అవన్నీ సరిగా ఉన్నాక, కుంగుబాటును అంచనా వేయడానికి ఈనాటికీ బాగా పనికివచ్చే సాధనాలలో ఒకటి తొమ్మిది ప్రశ్నల పత్రం. గడిచిన రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఉత్సాహం, బతకాలన్న కోరిక ఎలా ఉన్నాయో అడిగి, ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 వరకు వేసి, మొత్తం 27లో 10 గానీ అంతకు మించి గానీ వస్తే వైద్యుడు వివరంగా మాట్లాడతాడు. పరికరం అవసరం లేదు, తెలుగులో అడిగి తెలుగులో చెబితే చాలు.

మన రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు పాత ఫైలుతో పాటు, వాడుతున్న మాత్రలన్నీ తీసుకువెళ్ళండి. ఉబ్బసానికి పీల్చే మందు గుండెదడ తెస్తుంది, కీళ్ళనొప్పులకు ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు కార్టిసాల్‌ను తారుమారు చేయడమే కాక నిద్రను, మనసును కూడా కలవరపెడతాయి, రోజుకు ఎన్నిసార్లు కాఫీ తాగుతారన్నది కూడా పానిక్ విషయంలో లెక్కలోకి వస్తుంది. ఇవేవీ రిపోర్టులో ఉండవు, మీరు చెబితేనే తెలుస్తాయి.

సెలవు, నమస్కారం.