ఫణిగిరి న్యూయార్క్ వెళ్లొచ్చింది, మరి పక్క ఊరికో?

అందరికీ నమస్కారం. మన ఊళ్లో చరిత్ర మ్యూజియం పెట్టుకుందామని ఇంతమంది వచ్చారు కాబట్టి, ఉపోద్ఘాతాలు మానేసి నేరుగా పనిలోకి దిగుతాను.

మ్యూజియం అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేవి బిల్డింగు, శిలాఫలకం, ప్రారంభోత్సవానికి ఎవరిని పిలవాలన్న టెన్షన్. అద్దాల బీరువాలు వస్తాయి, వస్తువులు సర్దేస్తారు, రిబ్బన్ కత్తిరిస్తారు. పదేళ్ల తర్వాత వెళ్లినా అవే బీరువాలు, అవే లేబుళ్లు. కొత్తగా చేరింది దుమ్ము ఒక్కటే. శాశ్వత ప్రదర్శన అంటే ఇదేనని సరిపెట్టుకుంటే, ఊళ్లోవాళ్లు ఒకసారి చూసి మళ్లీ ఆ గడప తొక్కరు.

శాశ్వత ప్రదర్శన వద్దని కాదు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న స్టేట్ మ్యూజియం 1930 నుంచి ఉంది. అక్కడికి వచ్చిన పిల్లలు ముందు అడిగేది "మమ్మీ ఎక్కడ?" అనే. నైషు అనే ఈజిప్టు యువతి మమ్మీ అది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చి ఏడో నిజాంకు కానుకగా ఇస్తే, ఆయన మ్యూజియానికి ఇచ్చేశారు. ఇప్పుడు ఆక్సిజన్ తగలకుండా నైట్రోజన్ నింపిన పెట్టెలో ఉంది. శాతవాహనులు, కాకతీయులు అంతమంది ఉన్న చోట ఈజిప్టు అమ్మాయిదే హవా. నాకు కాస్త కుళ్లుగానే ఉంటుంది, ఏం చేస్తాం! కానీ కదిలించకూడనివి, జనం పనిగట్టుకొని వచ్చి చూసేవి రెండో మూడో ప్రతి మ్యూజియానికీ కావాలి. శాశ్వత గది వాటి కోసం.

మిగతావన్నీ మారుతూ ఉండాల్సిందే. జనానికి విసుగు పుడుతుందన్నది ఒక్కటే కారణం కాదు, వస్తువులు కూడా ఓర్చుకోలేవు. కలంకారీ గుడ్డ, పాత ఉత్తరం, రంగులద్దిన ఫొటో, ఇవన్నీ వెలుతురుకు పాడవుతాయి. వీటి మీద పడే వెలుగు 50 లక్స్ (వెలుతురును కొలిచే యూనిట్) దాటకూడదంటారు. పట్టపగలు కిటికీ పక్కన అది వేలల్లో ఉంటుంది. ఒకసారి వెలిసిన రంగు మళ్లీ రాదు. అందుకే కొన్ని నెలలు చూపించి, తీసి చీకట్లో భద్రపరుస్తారు. తాత్కాలిక ప్రదర్శన పుట్టడానికి ఇదో పెద్ద కారణం.

లోహమైతే ఏమీ కాదనుకోకండి. 2024లో మన సూర్యాపేట జిల్లాలోనే, పాత బౌద్ధ క్షేత్రమైన ఫణిగిరిలో, ఒక మట్టికుండ నిండా 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయినీ చిహ్నం, అంటే కొనల్లో సున్నాలున్న ప్లస్ గుర్తు. ఇలాంటి సీసపు నాణేన్ని ప్లైవుడ్ షోకేసులో పెట్టి తలుపు వేశామనుకోండి, చెక్క నుంచి, జిగురు నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి దాన్ని మెల్లగా తినేస్తుంది. తెల్లటి పొడి రాలుతుంది, ఏనుగు మాయమవుతుంది. స్టీలు, గాజు వాడాలి. వడ్రంగికి ఆర్డరిచ్చే ముందే ఈ సంగతి గుర్తుంచుకోండి. అన్నట్టు, పొలంలో పాత నాణేల కుండ దొరికితే మ్యూజియానికి తెచ్చివ్వడం కాదు, కలెక్టరుకు చెప్పాలి. 1878 నుంచి ఉన్న చట్టం అది.

ఇక ఊళ్లు తిరిగే ప్రదర్శనలు. 2023లో ఫణిగిరి శిల్పాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకు వెళ్లాయి. ఆ తర్వాత అదే ప్రదర్శన సియోల్‌లోనూ జరిగింది. ఇలాంటి ప్రయాణానికి ఎంత తతంగమో! ముందు కేంద్రం అనుమతి కావాలి. ఏ మూల ఎంత పెచ్చు ఊడి ఉందో ఫొటోలతో సహా రాసుకోవాలి. రాతి ఆకారానికి తగ్గట్టు లోపల ఫోమ్ కోసి పెట్టె చేయించాలి. అక్కడికి చేరాక కూడా, కొత్త గాలికి అలవాటు పడేదాకా, మామూలుగా ఒక రోజు పాటు పెట్టె మూత తీయరు. వెళ్లింది మంచిదే, నాకూ గర్వమే. కానీ ఫణిగిరికి పక్క మండలంలో ఉన్న బడిపిల్లల్లో ఎంతమంది ఆ రాళ్లను చూశారు?

కలకత్తా బిర్లా మ్యూజియం 1965లోనే సైన్సు వస్తువులను బస్సులో పెట్టి బడుల దగ్గరికి పంపింది. మనకు బస్సు కొనే తాహతు లేదు. ఒక ఇనప ట్రంకుపెట్టె చాలు. అందులో శిల్పాల ఫొటోలు, ఒక మ్యాపు, ప్లాస్టర్‌తో పోసిన నాణేల నమూనాలు. అసలు నాణేన్ని ఎలాగూ ముట్టుకోనివ్వరు. నమూనాను పిల్లలు బంకమట్టిలో అద్ది ఏనుగును చూసుకోవచ్చు. ఒక్కో బడిలో రెండు వారాలు.

ఆ పెట్టెలో ఒక అర ఖాళీగా ఉంచమంటాను. ఆ ఊళ్లో దొరికిన పాత తూకపు రాళ్లో, సినిమా హాలు టికెట్టో, నిజాం కాలం నాటి భూమి రసీదు ఫొటోనో పిల్లలే పెట్టి పంపాలి. అవి ఇక్కడికొస్తే మన తర్వాతి తాత్కాలిక ప్రదర్శనకు సరుకు దొరికినట్టే. వాటిలో నిలబడగలిగినవి శాశ్వత గదిలోకి వెళ్తాయి.

ఒక్క జాగ్రత్త. ఎవరింటి వస్తువు తీసుకున్నా రసీదు రాయండి. బిందె అయితే సొట్ట ఎక్కడుంది, ఎప్పటికి తిరిగిస్తాం, ఇద్దరి సంతకాలు, ఒక ఫొటో. తెలిసినవాళ్లే కదా అని వదిలేస్తే, సొట్ట ఎవరు పెట్టారన్న దగ్గర మొదలై మాటామాటా పెరుగుతుంది. రసీదు నమూనా రెండు పేజీలు తెచ్చాను, వెళ్లేటప్పుడు తీసుకోండి. పెట్టె ఎంత బరువుండాలో మాత్రం టీచర్లే చెప్పాలి. ఆర్టీసీ బస్సు ఎక్కించాల్సింది వాళ్లే కదా.