ఆ డిగ్రీకి ఎంత అప్పు చేస్తున్నారు?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఈ మారతహళ్లి ట్రాఫిక్ దాటుకుని, పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చారు, చాలా సంతోషం. నాకిచ్చిన అంశం "డబ్బు సంపాదించాలంటే పెద్ద చదువులు తప్పనిసరా?" అని. నేను బ్యాంకులో, ఎక్కువ కాలం ఈ బెంగళూరులోనే, అప్పుల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. విద్యారుణాల ఫైళ్లు చాలా చూశాను. నా జవాబు కూడా ఆ ఫైళ్లలోంచే వస్తుంది.

సూటిగా చెప్తాను. సంపాదనకి డిగ్రీ తప్పనిసరి కాదు. కానీ వెనక ఆస్తి లేని ఇంటి పిల్లలు డిగ్రీ మానేస్తే దానికీ పెద్ద ధరే చెల్లించాలి. ఎటు తేలాలన్నా ముందు చూడాల్సింది ఆ డిగ్రీ కోసం ఎంత అప్పు చేస్తున్నారు, అది తీర్చే జీతం వస్తుందా లేదా అన్నది.

పిల్లలు నన్ను అడుగుతుంటారు, "బిల్ గేట్స్ చదువు మానేశాడు కదా అంకుల్?" అని. మానేశాడు, 1975లో. మానేసింది హార్వర్డ్‌ని. అంతకుముందే, 1968లో, ఆయన చదివే స్కూల్లో కంప్యూటర్ టెర్మినల్ ఉంది. ఆ రోజుల్లో మన యూనివర్సిటీల్లోనే ఎన్నిట్లో కంప్యూటర్ ఉండేదో ఆలోచించండి. మన ఊరి జెరోధా, అదే షేర్ల క్రయవిక్రయాల కంపెనీ, దాని సంగతీ అంతే. నిఖిల్ కామత్ పదో తరగతి తర్వాత చదవలేదు, నిజమే. ఆయనతో కలిసి కంపెనీ పెట్టిన అన్న నితిన్ కామత్ ఇంజనీరింగ్ చదివారు. చెన్నైలో జోహో అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు ఇంటర్ అయిన పిల్లల్ని తీసుకుని, స్టైపెండ్ ఇచ్చి మరీ పని నేర్పుతున్నారు. డిగ్రీ అడగరు. ఆ కంపెనీ వ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబు ఐఐటీ మద్రాసులో చదివి, ప్రిన్స్‌టన్‌లో పీహెచ్‌డీ చేసినాయన. తనకున్న చదువుతో చదువు కొనలేనివాళ్లకి దారి వేశాడు, అందుకు ఆయనంటే నాకు గౌరవం. అక్కడ డిగ్రీ లేకపోయినా ఎందుకు చెల్లుతుందో కూడా గమనించండి. నేర్పేదీ వాళ్లే, ఉద్యోగం ఇచ్చేదీ వాళ్లే. పిల్లవాడి పని వాళ్లు కళ్లారా చూశారు. మనల్ని బొత్తిగా ఎరగని కంపెనీకి వేల రెజ్యూమెల మధ్య మనం పంపిన కాగితం చేరితే, అక్కడ ముందు చూసేది డిగ్రీ, పర్సంటేజీ, బ్యాక్‌లాగులు, గ్యాప్. పలుకుబడి ఉన్న ఇంటి పిల్లలకి ఈ జల్లెడతో పని లేదు. మనలో చాలామందికి ఉంది.

ఇంకో లెక్క వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో విడుదల చేసిన భారత ఉపాధి నివేదికలోది. 2022 నాటికి మన యువతలో డిగ్రీ ఉన్నవాళ్లలో నిరుద్యోగం 29.1 శాతం, చదవడం రాయడం రానివాళ్లలో 3.4 శాతం. ఇది చూపించి "చదువుకున్నవాడికే పని లేదు" అంటారు. ఆ 3.4 శాతం ఎందుకంత తక్కువో అడగరు. మన అపార్ట్‌మెంట్ల పక్కన కట్టుబడి పనికొచ్చే కర్నూలు, రాయచూరు కుటుంబాలున్నాయి కదా, పని లేని పూట వాళ్ల పొయ్యి వెలగదు. ఏ కూలికైనా పోవాల్సిందే, కాబట్టి నిరుద్యోగుల లెక్కలోకి రారు. డిగ్రీ అయిన కుర్రాడు నాన్న పంపే డబ్బుతో ఏడాది ఆగి మంచి ఉద్యోగం వెతుక్కోగలడు. అందుకని ఆ లెక్క చూసి చదువు మానుకోకండి. అలాగని డిగ్రీ ఉండి పని చేస్తున్న, పని వెతుక్కుంటున్న యువతలో ప్రతి వందమందికి 29 మంది ఖాళీగా ఉండటం చిన్న విషయమూ కాదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. కాగితం, పెన్ను ఉన్నవాళ్లు రాసుకోండి.

విద్యారుణం ఏడున్నర లక్షల దాకా మామూలుగా తాకట్టు అడగరు. నాలుగేళ్ల బీటెక్‌కి సరిగ్గా అంత తీసుకున్నారనుకుందాం. ఏటా 1,87,500 కాలేజీకి వెళ్తుంది. వడ్డీ పది శాతం అనుకోండి. చదువు నడిచే నాలుగేళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది కిస్తీ కట్టక్కర్లేదు. తల్లిదండ్రులు పొరబడేది ఇక్కడే. కిస్తీ ఆగుతుంది, వడ్డీ ఆగదు. మొదటి ఏడాది ఇచ్చిన డబ్బు మీద ఐదేళ్లు, రెండో ఏడాది ఇచ్చినదాని మీద నాలుగేళ్లు, ఇలా చక్రవడ్డీ లేకుండా లెక్కేసినా, కిస్తీలు మొదలయ్యే రోజుకి వడ్డీయే 2,62,500 అవుతుంది. మొత్తం బాకీ 10,12,500. పదేళ్లలో తీర్చాలంటే నెలకి సుమారు 13,400 కట్టాలి.

పెద్ద పెద్ద ఐటీ కంపెనీల్లో ఫ్రెషర్‌కి మూడు, మూడున్నర లక్షల ప్యాకేజీ. చేతికొచ్చేది నెలకి ఇరవై ఐదు వేలు అటూ ఇటూ. కిస్తీ పోను పదకొండు వేల ఆరు వందలు. షేరింగ్ పీజీ హాస్టల్‌కి తొమ్మిది వేలు తీసేయండి. మిగిలినదాంట్లోనే బీఎంటీసీ సిటీ బస్సు పాసు, రీచార్జి, సంక్రాంతికి ఊరెళ్లే బస్సు టికెట్. ఇదంతా మొదటి ఏడాదే ఉద్యోగం దొరికితే!

దొరక్కపోతే ఏమవుతుందో ఈ మారతహళ్లి బ్రిడ్జి దగ్గర కాసేపు నిలబడితే తెలుస్తుంది. స్తంభాల నిండా జావా ఫుల్ స్టాక్, టెస్టింగ్, ఏడబ్ల్యూఎస్ లాంటి సాఫ్ట్‌వేర్ కోర్సుల డెమో క్లాసుల కాగితాలు. నాలుగేళ్లు ఫీజు కట్టిన కాలేజీ నేర్పనిది, ఇక్కడ మళ్లీ వేలు పోసి నాలుగు నెలల్లో నేర్చుకుంటున్నారు మన పిల్లలు. నాకు నిజంగా కోపం వచ్చేది ఇందుకే, పిల్లల మీద కాదు, ఆ కాలేజీల మీద. అప్పటికీ ఉద్యోగం రాకపోతే కొందరు డబ్బిచ్చి దొంగ ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ కొంటారు. బాబూ, ఆ పని మాత్రం చేయకండి. ఎక్కడ, ఏ నెల నుంచి పనిచేశారో పీఎఫ్ ఖాతా చూస్తే తెలిసిపోతుంది. దొరికితే ఉన్న ఉద్యోగమూ పోతుంది.

అనంతపురం జిల్లా నుంచి రాత్రి బస్సెక్కి ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. పట్టాదారు పాసుపుస్తకం పాలిథిన్ కవర్లో చుట్టి పట్టుకొచ్చాడు. కొడుక్కి ఉద్యోగం లేదు, కిస్తీలు ఆగిపోయాయి, ఊళ్లో బ్యాంకు పంట రుణం ఇవ్వనంది. "నేను సంతకం పెట్టింది వాడి చదువుకు గదా సార్, నా శెనక్కాయ పంటకేం సంబంధం?" అని అడిగాడు. సంబంధం ఉంది. విద్యారుణంలో తండ్రీ సహ రుణగ్రహీతే. కొడుకు కట్టకపోతే తండ్రి సిబిల్ స్కోరూ, అంటే అప్పులు ఎలా తీరుస్తున్నారో బ్యాంకులకి చెప్పే మార్కూ, పడిపోతుంది. సంతకం పెట్టిన రోజు ఈ ముక్క ఆయనకి ఎవరూ విడమర్చి చెప్పలేదు.

మరి అప్పు లేని దారులు లేవా? ఉన్నాయి. రాజాజీనగర్‌లో జీటీటీసీ అని ప్రభుత్వ సంస్థ ఉంది. పదో తరగతి అయ్యాక టూల్ అండ్ డై మేకింగ్‌లో డిప్లొమా చేయవచ్చు. ప్లాస్టిక్ బకెట్టు దగ్గర్నుంచి కారు డోరు దాకా ఏది తయారవ్వాలన్నా ముందు అచ్చు కావాలి, ఆ అచ్చు చేసే పని అది. హిందూపురం వైపు కుర్రాడొకడు అలాంటి పనే నేర్చుకుని, ఇక్కడి పీణ్య పారిశ్రామికవాడలో సీఎన్‌సీ మెషీన్, అదే కంప్యూటర్‌తో నడిచే మెషీన్ మీద కొన్నేళ్లు పనిచేసి, సొంత షెడ్డు కోసం చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణానికి వచ్చాడు. మెషీన్ గంట నడిస్తే కరెంటు ఎంత, టూలు అరుగుదల ఎంత, గంటకి ఎంత రేటు పడాలి అన్నీ నోటిలెక్కగా చెప్పాడు. ఎంబీయే చదివి వచ్చినవాళ్లలో కూడా అంత స్పష్టత నేను అరుదుగా చూశాను. ఆ దారి సుఖంగా ఉంటుందని చెప్పను. మొదట్లో జీతం తక్కువ, నిలబడి చేసే పని, పెళ్లి సంబంధాల దగ్గర చిన్నచూపు. ఆ చిన్నచూపు మాత్రం మనం మానుకోగలిగిందే.

ఆడపిల్లల విషయంలో నా మాట వేరు. "డిగ్రీలెందుకు" అనే వాదన ఏ ఇంట్లోనైనా ముందు వర్తించేది అమ్మాయికి. అబ్బాయికైతే పొలం అమ్మైనా చదివిస్తారు, అమ్మాయికి సంబంధం చూస్తారు. దయచేసి అలా చేయకండి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీకాం చదవడానికి లక్షలు అక్కర్లేదు. బ్యాంకు క్లర్కు పరీక్షకైనా, సివిల్స్‌కైనా ఏదో ఒక డిగ్రీ ఉంటేనే కూర్చోనిస్తారు. తన పేరు మీద జీతం పడే ఖాతా ఉన్న అమ్మాయి మాటకి ఇంట్లో ఎంత బరువు వస్తుందో కౌంటర్ ఇవతల కూర్చుని చూసినవాణ్ణి నేను.

కాలేజీలో చేర్చే ముందు ఒక పని చేయండి. వాళ్ల హోర్డింగు మీద ఉండే నలభై లక్షల ప్యాకేజీ ఒక్క పిల్లవాడిది. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగుకి దరఖాస్తు చేసిన కాలేజీలు ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వాళ్ల మధ్యస్థ జీతం (సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చేది) ఎంత అన్న వివరాలు ఇవ్వాలి, ఆ కాగితం వెబ్‌సైటులో పెడతారు. అది చూడండి. కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో కూడా తాకట్టు, హామీదారు లేకుండా రుణం ఇచ్చేది ఎంపిక చేసిన సంస్థల్లో చేరినవాళ్లకే, మొదట అవి 860. మీ పిల్లలు చేరబోయే కాలేజీ అందులో ఉందో లేదో ఫీజు కట్టకముందే తెలుసుకోండి.

నా మాటలు ఇంతే. భోజనాలయ్యాక నేను పక్క గదిలో ఉంటాను. లోన్ శాంక్షన్ లెటర్ ఉన్నవాళ్లు తీసుకురండి, ఫోన్లో ఫొటో ఉన్నా చాలు. మీ కిస్తీ ఎంత పడుతుందో కలిసి లెక్కేద్దాం.