దాశరథి దొరకలే, దాశరధి దొరికిండు

హోస్ట్: అందరికీ నమస్తే. ఇయ్యాల ముచ్చట లైబ్రరీ మీద. అంటే పుస్తకాల మీద కాదు, పుస్తకాలిచ్చేటోళ్ల మీద. హన్మకొండ దిక్కు ఓ లైబ్రరీల ఇరవై ఏండ్లకెల్లి పనిచేస్తున్న అక్క మనతోని ఉన్నది. పేరు చెప్పద్దన్నది, అందుకే అక్క అనే పిలుస్త. బాగున్నవా అక్కా?

అక్క: బాగున్న తమ్మీ. ఈ మైకు ముంగట కూసుంటే, మొదట్ల కంప్యూటర్ ముంగట కూసున్న రోజు యాదికొస్తున్నది.

హోస్ట్: అంత భయమా?

అక్క: మరి? పుస్తకాలను విషయం వారీగా సర్దెటందుకు డ్యూయీ నంబర్లుంటయి గదా, తెలుగు సాహిత్యానిది 894.827. నిద్రల లేపి అడిగినా చెప్త. మౌజ్ చేతికిస్తే మాత్రం ఏది నొక్కితే ఏం పోతదో అని ఒకటే రంది. సర్కారు సామాను గదా, ఖరాబైతే జీతంల కోస్తరేమో! ఒకసారి ట్రైనింగ్ గూడ అయింది. పొద్దుమూకేదాంక తెర మీద స్లైడ్లు. మధ్యాహ్నం భోజనం మంచిగుండె, గదొక్కటే యాదికున్నది.

హోస్ట్: (నవ్వు) మరి నేర్చుకున్నదెట్ల?

అక్క: మా దగ్గరికి లైబ్రరీ సైన్స్ చదివిన ఓ పిల్ల కొత్తగొచ్చింది. ఆ పిల్లే చెప్పింది. 2006ల అమెరికాల, నార్త్ కరోలినా రాష్ట్రం షార్లట్ల హెలెన్ బ్లోవర్స్ అని లైబ్రరీ ఆమె ‘23 థింగ్స్’ అని మొదలుపెట్టిందట. క్లాసుల్లేవు. ఇరవై మూడు చిన్న చిన్న పనులు. బ్లాగు తెరువుడు, ఫొటో ఎక్కిచ్చుడు, వికీల ఓ మాట రాసుడు, ఇట్లాంటియి. ఎవరి తీరిక వాళ్లది. అన్నీ చేసినోళ్లకు ఎంపీత్రీ ప్లేయర్.

హోస్ట్: మీకేమిచ్చిన్రు?

అక్క: మిర్చి బజ్జీలు. అవీ మా పైసలతోనే. ఇరవై మూడు ఎక్కడ తమ్మీ, వారానికొకటి అనుకున్నం. సాయంత్రం జనం పల్చబడ్డంక అరగంట.

హోస్ట్: మొదటి వారం ఏంది?

అక్క: ఫోన్ల తెలుగు రాసుడు. నవ్వకు. మాకు అనూ అనే పాత తెలుగు ఫాంట్ల టైపింగ్ తప్ప వేరేది తెల్వదు. పుస్తకాల పాత లిస్టు మొత్తం అనూలనే కొట్టి ఉండె. దాన్ని గూగుల్ షీట్ల ఏసినం, అంతా పిచ్చి గీతలు, ఇంగ్లీషు అక్షరాలు! లోపల ఉన్నది తెలుగే కాదట. ఇంగ్లీషు అక్షరాలకు తెలుగు బొమ్మలు తొడిగిచ్చినట్టన్నమాట. ఫాంట్ తీసేస్తే బట్టలిప్పినట్టే. కన్వర్టర్ల ఏస్తే చానా మట్టుకు యూనికోడ్లకు, అంటే ఏ ఫోన్లనైనా కనబడే అసలు తెలుగు అక్షరాలకు మారింది గని, ఒత్తుల కాడ చెడింది. మళ్ల రిజిస్టర్ పక్కన పెట్టుకొని దిద్దినం.

హోస్ట్: అందరూ టైప్ చేసిన్రా?

అక్క: మా అటెండరన్న చెయ్యలే. మైకు బొమ్మ నొక్కి చదివిండు, అదే రాసుకున్నది. అందరికంటే జల్ది అయింది ఆయనదే. కాకుంటే ఆయన ‘గీడ’ అంటే అది ‘గోడ’ అని రాసేది.

హోస్ట్: ఫోన్ల చెప్పినవు చూడు, దాశరథి సంగతి. అది చెప్పక్కా.

అక్క: ఆ. డిగ్రీ చదివే పిలగాడొకడు వచ్చి దాశరథి కావాలన్నడు. షీట్ల వెతికిన. లేదన్నది. చిన్నగూడూరుల పుట్టిన మనిషి, మన మానుకోట పక్క, మన లైబ్రరీల లేకపోవుడేంది? బీరువా తీస్తే నాలుగు పుస్తకాలు నన్నే చూస్తున్నయి. సంగతేందంటే, రిజిస్టర్ల ఎప్పుడో ఎవరో ‘దాశరధి’ అని రాసిన్రు. థ కాదు, ధ. మనిషికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. కాళోజీ అయితే మూడు తీర్ల ఉన్నడు. కాళోజి అని ఒకటి, కాళోజీ అని ఒకటి, నారాయణరావు ముందు పెట్టి ఇంకోటి. సెప్టెంబర్ 9 భాషా దినోత్సవం వస్తే బడిపిల్లలు ఉపన్యాసం పోటీలకని ఆయన పుస్తకాలకే వస్తరు గదా.

హోస్ట్: మరేం చేసిన్రు?

అక్క: పక్కన ఇంకో గడి పెట్టినం, ‘వేరే రాత’ అని. తప్పుడు రాతలన్నీ అండ్లనే. తప్పును తుడిచేస్తే తప్పుగ వెతికేటోనికి పుస్తకం దొరకది. ఇది ఏ ట్రైనింగ్ల చెప్పలే తమ్మీ, మేమే అనుకున్నం.

హోస్ట్: భలే. ఏమన్న పోగొట్టుకున్నరా మధ్యల?

అక్క: పోగొట్టిందే నేను. పేర్లు అక్షరాల వరుసల పెడదామని పుస్తకం పేర్ల వరుస ఒక్కటే పట్టి సార్ట్ కొట్టిన. పేర్లు కదిలినయి, రాసినోళ్లు కదలలే. వంటల పుస్తకానికి వేదాంతం స్వామి, జ్యోతిషానికి లెక్కల సారు! చేతులు చల్లబడ్డయి. తెల్లారి ఆ పిల్ల వచ్చి ఫైల్‌ల వెర్షన్ హిస్టరీ తీసి, నిన్న మూడు గంటల ముందుకు పోదాం అని నొక్కింది. అన్నీ ఎక్కడియక్కడ. ఆ రోజుకెల్లి నాకు భయం పోయింది. రిజిస్టర్ల గట్ల వెనక్కి పోతామా? కొట్టివేత, పక్కన సంతకం, పైన సంజాయిషీ.

హోస్ట్: వాట్సాప్ గ్రూప్ గూడ ఉండెనట గదా.

అక్క: ఉండె. గ్రూప్‌-2కు చదివే పిల్లలు నోటిఫికేషన్లు, కొత్త పుస్తకాలు అడుగుతరని పెట్టినం. పదిరోజులకే ఆడపిల్లలు వచ్చి మొత్తుకున్నరు. నంబర్లు అందరికీ కనబడుతయి గదా, తెల్వనోళ్లు గుడ్ మార్నింగులు పెడుతున్నరట. తప్పు మాదే, ముందే ఆలోచించాల్సింది. ఇప్పుడు చానల్ చేసినం. అండ్ల ఒకరి నంబర్ ఒకరికి కనబడది.

హోస్ట్: చేరాలంటే ఎట్లక్కా?

అక్క: పేపర్ స్టాండ్ కాడ క్యూఆర్ కోడ్ అతికిచ్చినం. మొన్న ఓ పెద్దాయన పావుగంట ఫోన్ పట్టుకొని నిలబడ్డడు. ఇది పని చేస్తలేదమ్మా, నా మొఖమే కనబడుతున్నది అన్నడు.