పంటినొప్పికి కూడా చీటీ అడ్డమా?

యాంకర్: నమస్కారం. డబ్బు విషయాల్లో సలహాలు చెప్పడానికి మన సలహాదారు గారు సిద్ధంగా ఉన్నారు. లైన్లో ఎవరున్నారు, ఏ ఊరు నుంచి?

కాలర్: నమస్తే మేడమ్, కడప జిల్లా ప్రొద్దుటూరు. ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేస్తాండా, 26 ఏళ్లు. జీతం 30,000 సార్. మా చెల్లెలు రోజూ గొడవే, ‘ఇట్ల కూడబెడితే ఇంక బతికేది ఎప్పుడక్కా’ అని. మాయమ్మేమో ఒక్క రూపాయి తీయొద్దంటాది.

సలహాదారు: ఎంతెంత, యాడ కడతాండావో చెప్పు తల్లీ.

కాలర్: చీటీకి 10,000, పోస్టాఫీసులో నెలనెలా కట్టే ఆర్డీకి 5,000, గవర్నమెంటు పొదుపు పథకం పీపీఎఫ్‌కు 5,000. ఇంట్లోకి 7,000 ఇస్తా. మిగిలింది బస్సుకూ ఫోనుకూ.

సలహాదారు: అంటే 3,000. ఉన్నట్టుండి ఖర్చొస్తే?

కాలర్: పెద్దగా రాదు సార్. పంటినొప్పి ఒకటి ఉండాది. రూట్ కెనాల్ చేయాలన్నారు. చీటీ అయిపోయినాక చూద్దాంలే అని ఆపినా. ఎడమపక్కే నములుతాండా.

సలహాదారు: ఎన్నాళ్ల నుంచి?

కాలర్: ఉగాది ముందు నుంచి.

సలహాదారు: ఆసుపత్రిలో పనిచేసే పిల్లవు, నీకు నేను చెప్పాల్నా? ఇప్పుడు రూట్ కెనాల్‌తో పోయేది, ఆలస్యం చేస్తే పన్ను పీకి కొత్తది కట్టాల్సి వస్తుంది. దీన్ని పొదుపు అనరమ్మా. నీ డబ్బంతా తాళాలేసిన పెట్టెల్లో ఉంది. ఆర్డీ అయిదేళ్లది, మూడేళ్లు నిండందే మూయనీరు. పీపీఎఫ్ 15 ఏళ్లు, ఏడో ఏడాది దాకా అప్పుగా తప్ప తీసుకోలేవు. చేతికందే డబ్బు మాత్రం ఒక్క నెలకైనా లేదు. చీటీ కంపెనీదా?

కాలర్: కాదు సార్, మా వీధిలో ఒకామె వేస్తాది. 20 నెలలు, 2 లక్షలు. ఇంకా నాలుగు నెలలుంది.

సలహాదారు: 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం రిజిస్టరు కాని చీటీ నడపకూడదు. ఆమె మంచిదే కావచ్చు, కానీ రేపు ఏదైనా తేడా వస్తే నీ చేతిలో కాగితం ముక్క ఉండదు. చివరికొచ్చింది కాబట్టి పాటలో వదులుకునే తరుగు తక్కువే పోతుంది, ఈసారి నువ్వే పాడుకొని డబ్బు తీసుకో. మిగతా వాయిదాలు కట్టేసెయ్, కొత్తది ఎత్తుకోవద్దు. వచ్చిన దాంట్లో ముందు పంటి వైద్యం, తర్వాత 40,000 సేవింగ్స్ ఖాతాలో, మిగిలింది బ్యాంకులో ఎఫ్‌డీ, అంటే ఫిక్స్‌డ్ డిపాజిట్.

యాంకర్: మరి వాళ్ల చెల్లెలు అడిగేది?

సలహాదారు: అడిగేదాంట్లో న్యాయముంది మేడమ్. ఏమ్మా, ఈ మధ్య ఎక్కడికైనా పోయినావా?

కాలర్: మా ఆసుపత్రి పిల్లోళ్లు గండికోటకు పోయినారు. రాత్రి టెంటులో ఉండి, పొద్దున్నే పెన్నా లోయ చూసొచ్చినారు. నేను డ్యూటీ ఉందని చెప్పినా. నిజానికి లేదు సార్.

సలహాదారు: అబద్ధం చెప్పి ఆగిపోయినావే! గండికోట ఎక్కడికీ పోదు, ఆ స్నేహితురాళ్లు మాత్రం పెళ్లిళ్లయి తలా ఒక ఊరికి పోతారు. చీటీ అయినాక మిగిలే 10,000లో నెలకు 2,000 నీ సరదాకు. లెక్క ఎవరికీ చెప్పొద్దు.

కాలర్: మాయమ్మ ఒప్పుకోదు సార్. శనక్కాయ ఎండిపోయిన ఏళ్లు చూసింది.

సలహాదారు: ఆమె భయాన్ని తీసిపారేయొద్దు. వాన మొహం చూసి బతికినోళ్లకు రేపటి గింజే ధైర్యం. అందుకే పీపీఎఫ్ ముట్టుకోవద్దంటున్నా. ఇప్పటి 7.1 శాతమే నిలిస్తే ఏటా 60,000 చొప్పున 15 ఏళ్లలో నువ్వు కట్టేది 9 లక్షలు, వచ్చేది సుమారు 16 లక్షలు. నెలనెలా 5వ తేదీలోపు వెయ్, దాటితే ఆ వాయిదాకు ఆ నెల వడ్డీ రాదు. ఆ పాస్‌బుక్కు అమ్మ చేతికియ్యి, ఆమే దాచిపెడుతుంది. చీటీ పాట ఎప్పుడు?

కాలర్: ఈ ఆదివారం సార్.

సలహాదారు: అయితే సోమవారానికి డాక్టరు దగ్గర ఈ రోజే పేరు రాయించుకో.

కాలర్: సరే సార్. రాయించుకుంటా.

యాంకర్: తర్వాతి కాల్ ఆదోని నుంచి. చెప్పండి...